బ్రెడ్డు ముక్కకి లెక్క తేలేదాకా

"రెండు ముక్కలంటే ఎంత సార్?" అని అడిగింది డైటీషియన్ అమ్మాయి.

ఈ మార్చిలో నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడ్డట్టు, ఇంకా లోపలికి రానట్టు అన్నారు డాక్టరుగారు. మందులు ఇప్పుడే అక్కర్లేదు, ముందు తిండి సంగతి చూసుకోండి అని పక్క గదికి పంపారు. అక్కడ ఆ అమ్మాయి వారం రోజులు తిన్నదల్లా రాసి తీసుకురమ్మంది. ముప్పై రెండేళ్ళు అకౌంట్స్ సెక్షన్లో పనిచేసి రిటైరైన వాణ్ణి, రాసుకురమ్మంటే నాకు పండగే. గీతలు కొట్టిన నోటుబుక్కులో తేదీ, వేళ, వస్తువు, పరిమాణం అని నాలుగు గడులు గీసి మరీ పట్టుకెళ్ళాను.

ఇడ్లీ మూడు, అన్నం గిన్నెడు, టీ రెండు అన్నీ చకచకా చూసుకుంటూ పోయి, "ఇంట్లో చేసిన బ్రెడ్డు, 2 ముక్కలు" దగ్గర ఆగింది. బజారు బ్రెడ్డయితే కవరు మీద ఉంటుంది, ఇది మీ చేతిది కదా, ముక్క ఎంత మందం అంది. నేను బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించాను. నవ్వి, రెండింటికీ కలిపి 160 కేలరీలు అని వేసేసింది.

ఆ 160 నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వోచరు లేకుండా పద్దు రాసినట్టు అనిపించింది.

అసలు నేను బ్రెడ్డు చేయడమేమిటంటే, మా అమ్మాయి బెంగుళూరు వెళ్ళిపోతూ తన ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, మా ఇంట్లో దించేసి పోయింది. రిటైరైన కొత్తలో తోచక దాన్ని తుడుస్తూ తుడుస్తూ మొదలుపెట్టాను. మా చిన్నప్పుడు బ్రెడ్డు అంటే జ్వరం వస్తేనే. లంఖణం అయ్యాక డాక్టరు రాసిచ్చే పథ్యం, పాలల్లో నానబెట్టిన బజారు రొట్టి. మా ఆవిడ ఇప్పటికీ, నేను పిండి కలుపుతుంటే "ఎవరికండీ ఒంట్లో బాగోలేదు?" అంటుంది. మొదటి మూడు బ్రెడ్లూ ఇటుకలే. నాలుగోది నిలబడింది. మా విశాఖ ఎంవీపీ కాలనీలో ఎండాకాలం పిండి పొంగడానికి ఏ తంటా లేదు, గిన్నె మీద తడిగుడ్డ కప్పి వదిలేస్తే నలభై నిమిషాల్లో రెట్టింపవుతుంది. ఏమరుపాటుగా ఉంటే గిన్నె దాటి గట్టు మీదకి వచ్చేస్తుంది కూడా.

సరే, లెక్క. ముందు అందరిలాగే ఫోనులో కేలరీల యాప్ తెరిచి "ఇంటి బ్రెడ్డు, ఒక ముక్క" అని వెతికాను. ఒకచోట 69, ఒకచోట 95, ఇంకోచోట 130. ఎవరింటి బ్రెడ్డో, ఎవరి కత్తో. పక్కింటివాళ్ళ కరెంటు బిల్లు చూసి మనం డబ్బు కట్టినట్టుంటుంది ఆ పని. వదిలేశాను.

మన బ్రెడ్డుకి మన లెక్కే కట్టాలంటే చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. లోపల వేసినవన్నీ తూచి, దేనికెన్ని కేలరీలో కూడి, వచ్చిన బ్రెడ్డు బరువుతో భాగించాలి. ఇంత తెలిసి కూడా నేను నాలుగుసార్లు తప్పు చేశాను.

మొదటి తప్పు గ్లాసు. అప్పటిదాకా నా కొలత నాలుగు గ్లాసుల పిండి. తూకం అలవాటు లేదు, మా ఆవిడ అయితే గ్లాసు కూడా వాడదు, చెయ్యే కొలత. జగదాంబ దగ్గర ఒక షాపులో చిన్న వంటింటి కాటా కొన్నాను, ఒక గ్రాము దాకా చూపిస్తుంది. అదే గ్లాసుతో పిండి తేలిగ్గా చెంచాతో పోస్తే 118 గ్రాములు వచ్చింది. గ్లాసుని డబ్బాలో ముంచి, గట్టుకి రెండుసార్లు తట్టి నింపితే 147. నాలుగు గ్లాసులకి 116 గ్రాముల తేడా. అంటే ఇంచుమించు 400 కేలరీలు, పిండి ఎలా తీశాం అన్న ఒక్కదాంట్లోనే. గ్లాసు అక్కడితో రిటైరైంది.

కాటాని నమ్మొచ్చా అని తర్వాతి సందేహం. దీనికి మాత్రం నాకు నేనే శభాష్ అనుకున్నాను. ఎవరూ తీసుకోవట్లేదని మా ఇంట్లో హార్లిక్స్ సీసా నిండా పది రూపాయల బిళ్ళలు పేరుకుపోయి ఉన్నాయి. చెల్లుతాయి బాబూ అని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా ఆటోవాడు తల అడ్డంగానే ఊపుతాడు. ఆ రెండు రంగుల బిళ్ళ బరువు 7.71 గ్రాములు. పది బిళ్ళలు పేర్చాను. 77 అంది. ఇంకో పది పెట్టాను, 154. కాటా మంచిదే. కాకపోతే ఫ్యాను కింద పెడితే అంకె 153, 155, 154 అని ఊగుతూ ఉంటుంది. ఏప్రిల్ నెలలో విశాఖలో వంటింట్లో ఫ్యాను ఆపమంటే ఏమవుతుందో పెళ్ళయిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. చివరికి కాటాని గోడవారగా ఫ్రిజ్ పక్కన పెట్టుకోవడానికి ఒప్పందం కుదిరింది.

ఇక చిట్టా. గోధుమపిండి 300 గ్రాములు, మైదా 200. ఒట్టి గోధుమపిండితో చేస్తే మా ఓటీజీలో బరువుగా వస్తోంది, అందుకని ఈ పాళ్ళు. పాలు 150 గ్రాములు, నీళ్ళు 190, పంచదార 20, నూనె 25, ఈస్టు 7, ఉప్పు 9. మొత్తం ముద్ద 901 గ్రాములు. నీళ్ళు మాత్రం రోజూ ఒకేలా పట్టవు. సముద్రం పక్కన ఊరు కదా, ముసురు పట్టిందంటే డబ్బాలో ఉప్పు చెమరుస్తుంది, పిండీ చెమ్మ లాగుతుంది, ఆ రోజు పదీ పదిహేను గ్రాములు తగ్గించాలి. నీళ్ళకి కేలరీలు లేవు గనక పైమొత్తం మారదు.

కేలరీలు ఎక్కడ చూడాలి? పిండి, మైదా ప్యాకెట్ల వెనకే 100 గ్రాములకి ఎంతో ఉంటుంది. కిలో కేలరీ అని రాస్తారు, మనం నోటితో కేలరీ అనేది దాన్నే. నేను తెచ్చిన గోధుమపిండికి 345, మైదాకి 350. నూనె గ్రాముకి 9, పంచదార గ్రాముకి 4. కొవ్వు అయితే 9, పిండిపదార్థమైనా మాంసకృత్తులైనా 4 అన్న ఈ అంకెలు పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ అట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవి. ప్రపంచమంతా ప్యాకెట్ల వెనక ఇప్పటికీ ఆయన లెక్కే నడుస్తోంది. పాలు టోన్డ్ అయితే 100 గ్రాములకి 58 దగ్గర. ఈస్టు ఏడు గ్రాములకి ఓ 23. ఉప్పుకి, నీళ్ళకి సున్నా.

కూడాను. గోధుమపిండి 1035, మైదా 700, నూనె 225, పాలు 87, పంచదార 80, ఈస్టు 23. మొత్తం 2150. రెండుసార్లు పైనుంచి కిందికీ, ఒకసారి కిందనుంచి పైకీ కూడాను. పాత అలవాటు.

ఇక్కడ రెండో తప్పు. 2150ని 901తో భాగించాను. గ్రాముకి 2.39 వచ్చింది. ఎంచక్కా పుస్తకంలో రాసుకుని, కింద గీత కూడా కొట్టాను. ఆ సాయంత్రం నడకలో బీచ్ రోడ్డు మీద మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె దగ్గర నిలబడ్డప్పుడు వెలిగింది. నిప్పు మీద పెట్టాక ఏదైనా నీరు కోల్పోతుంది కదా! నేను తినేది పిండిముద్దని కాదు, కాల్చిన బ్రెడ్డుని. ఓవెన్లోకి 901 వెళ్ళింది గానీ బయటికి ఎంత వచ్చింది?

మర్నాటి బ్రెడ్డుని టిన్నులోంచి తీయగానే గుడ్డతో పట్టుకుని కాటా మీద పెట్టాను. 802. ఆవిరి వస్తూనే ఉంది, అంకె మన కళ్ళముందే 801, 800 అని దిగుతోంది. రెండు గంటలు జాలీ మీద చల్లారనిచ్చి తూచితే 790 దగ్గర నిలబడింది. నూట పదకొండు గ్రాములు గాల్లో కలిసిపోయాయి, అవన్నీ ఇంచుమించు నీళ్ళే. ఈస్టు తినే పంచదార, పొంగేటప్పుడు పోయే గాలి లాంటివి ఉన్నా ఈ లెక్కకి లోకువే. నీళ్ళు పోయాయి, కేలరీలు ఎక్కడికీ పోలేదు. అవే 2150 ఇప్పుడు 790లో సర్దుకున్నాయి. గ్రాముకి 2.72. నిన్నటి 2.39తో పోలిస్తే 45 గ్రాముల ముక్కకి పదిహేను కేలరీలు ఎగ్గొట్టుకుంటూ తినేవాణ్ణన్నమాట.

మూడో తప్పు మా ఆవిడ పట్టింది. వంటింట్లో ఏదో పనిలో ఉండి, నా పుస్తకంలోకి తొంగిచూసి, "మరి ఆ గిన్నెకి రాసిన నూనె?" అంది.

ఆ గిన్నెకి, టిన్నుకి, చేతికి, పైన బ్రష్‌తో పూసిన దానికి. చిట్టాలో లేవు. నూనె గ్రాముకి 9 కనక దీన్ని వదలకూడదు. చెంచాలతో కొలవబోతే సగం చెంచాకే అంటుకుంటుంది, అందుకని సీసానే తూచాను, పని మొదలయ్యే ముందు ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి. 25 గ్రాములు పిండిలోకి పోగా ఇంకో 14 తగ్గింది. టిన్నులో మిగిలింది కాగితంతో తుడిచి ఆ కాగితాన్ని తూచితే 3. కడుపులోకి వెళ్ళేది 11 గ్రాములు, అంటే 99 కేలరీలు. మొత్తం 2249. గ్రాముకి 2.85. అదే ఖరారు చేశాను. ఎవరైనా ఈ పని మొదలుపెడితే నూనె సీసాని తూచడం ఒక్కటి మాత్రం మానొద్దంటాను, మిగతావన్నీ కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు.

అలా అంటున్నది ఊరికే కాదు. మధ్యలో ఓ రాత్రి నిద్ర పట్టక ఇంకో పని చేశాను. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు దించుకుని చూశాను. అందులో శక్తిని కిలోజౌళ్ళలో ఇస్తారు, 4.184తో భాగించుకోవాలి. గోధుమపిండికి 100 గ్రాములకి 320 దగ్గర తేలింది. నా ప్యాకెట్ మీద 345! గుండె గుభేలుమంది. మళ్ళీ మొదటికొచ్చిందా అని కూర్చుని లెక్కేస్తే, 300 గ్రాముల పిండికి తేడా 75. అది మొత్తం బ్రెడ్డులో పరుచుకుంటే 45 గ్రాముల ముక్కకి నాలుగంటే నాలుగు కేలరీలు. పీచుని ఎలా లెక్కపెడతారన్న దాన్నిబట్టి, గోధుమని బట్టీ ఈ మాత్రం తేడాలు ఉంటాయి. లైటు ఆర్పి పడుకున్నాను.

ఎందుకంటే అప్పటికే నాకు అసలు దొంగ దొరికాడు. కత్తి.

నేను మొదట గ్రాము దాకా పోకుండా, బ్రెడ్డుని కోసి, ముక్కలు లెక్కపెట్టి, 2249ని వాటితో భాగిద్దామనుకున్నాను. నాలుగో తప్పు ఇదే, నిజానికి అన్నిటికంటే పెద్దది. రోజూ కోసే తీరులోనే కోస్తే పద్నాలుగు ముక్కలు వచ్చాయి. భాగిస్తే ముక్కకి 160. చూడటానికి ముచ్చటగా ఉంది. అప్పుడు ఒక్కో ముక్కనీ కాటా మీద పెట్టాను. సన్నది 38 గ్రాములు, లావుది 71. ఒకటి 108 కేలరీలు, ఇంకోటి 202. రెండూ "ఒక ముక్కే". నేను పొద్దున్నే ఎప్పుడూ మధ్యలోవి, బాగా పొంగినవి తీసుకుంటానని, అంచులు మా ఆవిడకి పోతాయని కూడా అప్పుడే గమనించాను.

ఇంకో సంగతి. డైటీషియన్ అమ్మాయి రెండింటికి వేసిన 160, నా ముక్క ఒక్కదానిది.

పరిష్కారం రెండు రకాలు. ఒకటి, తినేది తినేముందు తూచి 2.85తో హెచ్చవేసుకోవడం. 45 గ్రాములయితే 128. తప్పు జరగడానికి వీల్లేదు గానీ పొద్దున్నే కాఫీ తాగకముందే హెచ్చవేతలు నాకే విసుగొచ్చాయి. రెండోది కోత సరిచేయడం. పూర్తిగా చల్లారిన బ్రెడ్డు 22 సెంటీమీటర్లు ఉంది. మనవడి చెక్క స్కేలు పక్కన ఆనించి, ప్రతి 11 మిల్లీమీటర్లకీ ఒక టూత్‌పిక్కు గుచ్చుకుంటూ వెళ్ళాను, ముళ్ళపంది లాగా తయారైంది. రంపం పళ్ళ కత్తి తీసుకుని, కిందికి నొక్కకుండా, ముందుకీ వెనక్కీ లాగుతూ కోశాను. ఇరవై ముక్కలు. అన్నీ 36కీ 43కీ మధ్యే ఉన్నాయి. సగటున 39.5 గ్రాములు, 112 కేలరీలు చిల్లర. నేను పుస్తకంలో 115 అని రాసుకుంటాను, కాస్త పెద్ద ముక్క పడ్డ రోజుకీ దాదాపు సరిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు మాత్రం కత్తి పెట్టకూడదు, లోపలి మెత్తన కత్తికి అంటుకుని ముద్దవుతుంది, స్కేలూ టూత్‌పిక్కులూ ఏమీ పనిచేయవు.

ఇందులోనే చిన్న తిరకాసు ఉంది. ఒకరోజు ముక్కని పెనం మీద కాల్చుకున్నాక తూచాను. 40 ఉండాల్సింది 34 చూపించింది. ఆరు గ్రాములు తగ్గిందిగా, 17 కేలరీలు కలిసొచ్చాయనుకున్నాను ఒక్క నిమిషం. ఓవెన్ దగ్గర నేర్చుకున్న పాఠమే పెనం దగ్గర మర్చిపోయాను. మళ్ళీ నీళ్ళే పోయాయి. తూకం ఎప్పుడైనా కాల్చకముందే వేయాలి. మూత పెట్టని బ్రెడ్డు మర్నాటికి ఎండి తేలికైనా ఇదే సంగతి. మూత పెడితే మా ఊరి ఉక్కకి మూడో రోజుకల్లా బూజు. అందుకని ఇప్పుడు ముక్కలు కోసేసి ఫ్రీజర్లో పడేస్తున్నాం, కావలసినప్పుడు రెండు తీసి నేరుగా పెనం మీదకి.

రెండో వారం పుస్తకం పట్టుకుని మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ముందు నూనె సీసా తూకాలున్న పేజీ చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సార్, మీకు కేలరీల కంటే పిండిపదార్థాలు ముఖ్యం. ఇంత చేశారు, అది కూడా కట్టేయండి" అంది. నిజమే, అది నాకు తట్టనేలేదు. ప్యాకెట్ల మీదున్న అంకెలే. గోధుమపిండిలో 210 గ్రాములు, మైదాలో 148, పంచదార 20, పాలల్లో 7, మొత్తం 385. దాన్ని 790తో భాగిస్తే బ్రెడ్డులో ఇంచుమించు సగం. నా కొత్త ముక్కకి 19 గ్రాములు, పాత మందపాటి దానికి 27. పాతవి రెండు తిన్నరోజు 54 గ్రాములు లాగించి, నడకకి వెళ్ళొచ్చానుగా అనుకునేవాణ్ణి.

"మరి దీని మీద ఏం రాసుకుంటున్నారు?" అంది పుస్తకం మూస్తూ.

వెన్న. పుస్తకంలో లేదు. ఇంటికొచ్చి, నేను మామూలుగా ఎంత రాస్తానో అంతే రాసి, ముక్కని ముందూ వెనకా తూచాను. 11 గ్రాములు. వెన్నలో నూటికి ఎనభై పాళ్ళు కొవ్వే, గ్రాముకి ఏడు కేలరీలకి పైమాటే. 79. ముక్క 112, దాని మీది పూత 79. ఇన్నాళ్ళూ పిండి గ్రాములూ నూనె తడీ పట్టుకుని వేళ్ళాడాను, గరిటె మీద కళ్ళు పడలేదు. ఇప్పుడు వెన్న మానేసి పల్లీ పచ్చడి నంజుకుంటున్నాను. పల్లీల్లోనూ నూనె ఉంటుంది, తెలుసు. ఆ లెక్క ఇంకా మొదలెట్టలేదు, రుబ్బురోలు దగ్గరికి కాటా పట్టుకెళ్తే మా ఆవిడ ఏమంటుందో అని.

నిన్న ఆదివారం కొత్త బ్రెడ్డు. తీసి చల్లారబెట్టాను, 788. ఎంవీపీ రైతుబజారుకి వెళ్ళి కూరగాయలు తెచ్చి, స్కేలు పెట్టి కోసి, ముక్కలన్నీ కాటా మీద పేర్చి కూడాను. 743. కత్తి కిందా గట్టు మీదా రాలిన పొడి పోగుచేస్తే 6. ఇంకా 39 గ్రాములు తేడా. మళ్ళీ కూడాను, తేడా అలాగే ఉంది. ముక్కలు లెక్కపెడితే పందొమ్మిదే. బ్రెడ్డుకి ఒక కొస అప్పటికే కోసి ఉంది, నేను చూసుకోకుండా అక్కడినుంచే మొదలెట్టాను.

"నేను బజారుకి వెళ్ళినప్పుడు ఎవరైనా వచ్చారా?" అన్నాను.

మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, పెదాలు కొంగుతో తుడుచుకుంది. "అంచు ముక్క కదా, ఎలాగూ నాదేగా" అంది. "నా ఖాతాలో రాసుకోండి."